ఎనర్జీ కోర్సులో పోటీలతో విలువలు నేర్పడం: మార్కులు ఎక్కడ పెడితే పిల్లలు అక్కడికే వస్తారు

మీరు అడిగింది ఇదీ కదా: ఎనర్జీ అండ్ ఎన్విరాన్‌మెంట్ కోర్సు చెప్తున్నారు, పైనుంచి విలువలు కూడా కలపమన్నారు, రెండు క్లాసులు కేటాయించి బాధ్యత, నిజాయితీ, రాబోయే తరాలు అని చెప్తే పిల్లలు తలలు వంచుకుని ఫోన్లు చూసుకున్నారు, అందుకని స్టూడెంట్స్‌కి పోటీ పెడితే పని జరుగుతుందా, జరిగితే మార్కులు ఎలా వేయాలి అని. నేను పన్నెండేళ్ళుగా ఇలాంటి పోటీలు నడుపుతున్నా, జడ్జిగా కూడా కొన్నిసార్లు కూర్చున్నా, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు అసలు సంగతి చెప్పేస్తా. పోటీ పెడితే విలువలు వస్తాయండీ, అందులో డౌట్ లేదు, కాకపోతే ఏ విలువలు వస్తాయో మీ మార్కుల షీటే డిసైడ్ చేస్తుంది. నోటితో మీరు పర్యావరణం గురించి ఎంత బాగా చెప్పినా, ఫైనల్ రోజు ఎక్కువ నంబర్ చూపించినోళ్ళకే కప్పు ఇస్తే పిల్లలు నేర్చుకునేది ఆ నంబర్ ఎలా పెంచాలో మాత్రమే. మనం చెప్పేవి శ్రీరంగనీతులు అయిపోతాయి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తా. మొదటి ఏడాది నేను పెట్టింది సోలార్ వాటర్ హీటర్ పోటీ. ప్రతి టీమూ ఒక చదరపు మీటరు కలెక్టర్ (ఎండని పట్టి నీళ్ళు వేడి చేసే పలక) చేయాలి, నీళ్ళు పంపాలి, ఎవరి ఎఫిషియెన్సీ, అంటే పడిన ఎండలో నీళ్ళలోకి వేడిగా వెళ్ళిన వంతు, ఎక్కువ వస్తే వాళ్ళు ఫస్ట్, అంతే రూలు. ఒక టీమ్‌కి 65% వచ్చింది, అందరికన్నా పైన. ఫైనల్‌కి ముందు రోజు సాయంత్రం ఆ టీమ్‌లో ఒకమ్మాయి ల్యాబ్ నోట్‌బుక్ పట్టుకుని నా రూమ్‌కి వచ్చింది. "సార్, ఎండ ఎంత పడుతోందో కొలిచే పైరానోమీటర్ని మేం బల్ల మీద పడుకోబెట్టి పెట్టాం, కలెక్టరేమో సూర్యుడి వైపు వాల్చి ఉంది, రెండిటి మీదా పడే ఎండ ఒకటి కాదు కదా" అంది. నిజమే, ఉదయం పూట సూర్యుడు కిందికి ఉన్నప్పుడు బల్ల మీద చదరపు మీటరుకి 600 వాట్లు పడితే వాల్చిన పలక మీద ఇంకా ఎక్కువ పడుతుంది. వాళ్ళు మళ్ళీ కొలిస్తే 780 వచ్చింది. నీళ్ళలోకి వెళ్ళిన వేడి 390 వాట్లు, దాన్ని 600తో భాగిస్తే 65%, 780తో భాగిస్తే సరిగ్గా 50%. తప్పు వాళ్ళే పట్టుకున్నారు, వాళ్ళే వచ్చి చెప్పారు.

నేనేం చేశానంటే రూల్స్ ప్రకారం సవరించిన నంబరే తీసుకున్నా, టీమ్ నాలుగో ప్లేస్‌కి పడిపోయింది. బాధ ఎక్కడంటే, తర్వాత ఫొటోలు చూస్తే ఇంకో రెండు టీమ్స్ పైరానోమీటర్ కూడా బల్ల మీదే పడుకుని ఉంది, వాళ్ళు గమనించారో లేదో తెలీదు, వాళ్ళకి ప్రైజులు వచ్చాయి. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. కానీ పక్కన ఉన్న టీమ్‌మేట్స్ ఆ అమ్మాయి వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఒక్క సాయంత్రంలో అరవై మంది పిల్లలకి నిజం చెప్తే నష్టపోతారని నేనే నేర్పించాను, అదీ విలువల కోసం పెట్టిన పోటీలో.

తర్వాతి ఏడాది నుంచి రూల్ మార్చా. ఫైనల్‌కి ముందు ఎప్పుడైనా సరే సొంత తప్పు పట్టుకుని, ఎందుకు తప్పో రాసి, నంబర్ సవరిస్తే దానికి మార్కులుంటాయి, నంబర్ ఎంత పడిపోయినా సరే. అదే తప్పు జడ్జి పట్టుకుంటే మార్కులు పోతాయి. ఈ ఒక్క రూలుతో క్లాసు మొత్తం మారిపోయింది, పిల్లలు వాళ్ళ రీడింగ్స్‌ని వాళ్ళే అనుమానించడం మొదలుపెట్టారు, వేడి కొలిచే థర్మోకపుల్ పైపు గోడకి తగులుతోందా, ఫ్లో మీటర్ క్యాలిబ్రేట్ చేశామా అని వాళ్ళలో వాళ్ళే వాదించుకోవడం మొదలైంది. నిజాయితీ మీద నేను ఇచ్చిన ఏ లెక్చరూ ఇంత పని చేయలేదు.

పెద్ద పెద్ద పోటీల్లో కూడా ఇదే కనిపిస్తుంది చూడండి. సోలార్ డెకథ్లాన్ అని అమెరికా ఎనర్జీ డిపార్ట్‌మెంట్ 2002లో మొదలుపెట్టింది, మొదట్లో యూనివర్సిటీ పిల్లలు సోలార్‌తో నడిచే ఇల్లు నిజంగా కట్టి తీసుకురావాల్సి ఉండేది, పది అంశాల్లో పోటీ. పోనుపోను ఇళ్ళు అద్భుతంగా తయారయ్యాయి గానీ ఖర్చు మామూలు మనిషికి అందనంత పైకి పోయింది. 2011లో వాళ్ళు ఆ పది అంశాల్లో అఫర్డబిలిటీని కూడా చేర్చారు, 2.5 లక్షల డాలర్లలోపు కట్టిన ఇంటికి ఫుల్ 100 పాయింట్లు. అప్పట్నుంచి ఇల్లు ఎవరి కోసం కడుతున్నాం అన్నది కూడా డిజైన్‌లో లెక్కలోకి వచ్చింది. ఆస్ట్రేలియాలో 1987 నుంచి జరుగుతున్న వరల్డ్ సోలార్ చాలెంజ్ కూడా అంతే, డార్విన్ నుంచి అడిలైడ్ దాకా సుమారు 3,000 కిలోమీటర్లు, మొదట్లో ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చునే, పలకలా ఉండే కార్లదే రాజ్యం, 2013లో క్రూజర్ క్లాస్ పెట్టారు, అందులో ప్యాసింజర్లు ఎంతమంది, రోజువారీ వాడకానికి పనికొస్తుందా అనేవాటికి కూడా స్కోరు. ఎవరూ విలువలు అనే మాట వాడలేదు, స్కోరు ఎక్కడ పెట్టారో చూడండి చాలు. చైనాలో 2008 నుంచి ఇంధన ఆదా, ఉద్గారాల తగ్గింపు మీద జాతీయ స్థాయిలో స్టూడెంట్ పోటీ నడుస్తోంది, అందులో మెషిన్లే కాదు, జనంలోకి వెళ్ళి చేసిన సర్వే రిపోర్టు కూడా ఎంట్రీగా తీసుకుంటారు, ఇది మనం మన క్లాసు స్థాయిలో కూడా కాపీ కొట్టొచ్చు, నాకు బాగా నచ్చిన ఐడియా.

ఇక మార్కుల షీట్. నేను ఇప్పుడు వాడేది చెప్తా, మీకు తగ్గట్టు మార్చుకోండి. 100లో పనితీరుకి అంటే నంబర్‌కి 30 మాత్రమే. కొలతకి 25, అంటే ఎలా కొలిచారు, ఎర్రర్ ఎంత, వేరే టీమ్ వచ్చి మీ సెటప్ మీద మళ్ళీ కొలిస్తే అదే వస్తోందా. బౌండరీకి, హానికి కలిపి 20, అంటే మీరు ఎక్కడ గీత గీసి లెక్క వేశారు, ఆ గీత బయట ఎవరికి ఏం నష్టం. వాడేవాళ్ళకి 15, అంటే దీన్ని రోజూ వాడాల్సిన మనిషితో మాట్లాడారా, వాళ్ళేమన్నారు, దాని వల్ల డిజైన్‌లో ఏం మార్చారు. మిగతా 10 నోట్‌బుక్‌కి, అందులో ఫెయిలైన ప్రయత్నాలు కూడా ఉండాలి. ఒక్కటి గమనించారా, "విలువలకి 10 మార్కులు" అని విడిగా ఎక్కడా లేదు. అలా విడిగా పెట్టొద్దు, దయచేసి. పెడితే ప్రతి టీమూ పీపీటీ చివర్లో భూగోళాన్ని చేతుల్లో పట్టుకున్న బొమ్మ, కింద ఒక సూక్తి పెట్టి ఆ 10 మార్కులు పట్టుకెళ్ళిపోతారు, తూతూ మంత్రం అయిపోతుంది.

వేరే టీమ్ వచ్చి కొలవడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నా ఉద్దేశంలో మొత్తం పోటీకి గుండెకాయ అదే. ఫైనల్‌కి రెండు వారాల ముందు చీటీలు తీసి ఎవరు ఎవర్ని చెక్ చేయాలో చెప్తా. చెక్ చేసినవాళ్ళ రిపోర్టుకి కూడా మార్కులుంటాయి, తప్పు పట్టుకున్నందుకు కాదు, ఎంత జాగ్రత్తగా చూశారన్నదానికి. మొదట్లో పిల్లలు మొహమాటపడతారు, ఫ్రెండ్ తప్పు ఎలా రాయాలి సార్ అంటారు. కొంతమంది ఇద్దరూ మాట్లాడుకుని ఓకే ఓకే అని రాసేస్తారు, అది వైవాలో ఒక్క ప్రశ్నతో బయటపడిపోతుంది, మీరు ఏ టైమ్‌కి కొలిచారు, అప్పుడు మబ్బు ఉందా అని అడిగితే చాలు. తప్పుని మర్యాదగా, ఆధారంతో చెప్పడం, అవతలివాళ్ళు చెప్పింది కోపం తెచ్చుకోకుండా వినడం, రేపు వీళ్ళు ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్ రిపోర్టులో, ఎనర్జీ ఆడిట్‌లో సంతకం పెట్టేటప్పుడు కావాల్సింది సరిగ్గా ఇదే.

కథలు ఎప్పుడు చెప్పాలి అంటే, ఆ కథ తగిలే రోజున చెప్పాలి. సెమిస్టర్ మొదట్లో అన్నీ కలిపి ఒక లెక్చర్‌గా చెప్తే ఒక్కటీ గుర్తుండదు. క్రాస్ చెకింగ్ మొదలుపెట్టే రోజున నేను ఫోక్స్‌వ్యాగన్ సంగతి చెప్తా. డీజిల్ కార్లు ల్యాబ్ టెస్టులో పాసయ్యాయి, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ చిన్న టీమ్ ఒకటి కొలిచే పరికరాన్ని కారు డిక్కీలో పెట్టుకుని రోడ్డు మీద తిరిగింది, ఒక కారులో నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 15 నుంచి 35 రెట్లు వచ్చాయి. ఆ టీమ్‌లో స్టూడెంట్స్ ఉన్నారు. మోసం పట్టుకుందామని బయల్దేరలేదు వాళ్ళు, జాగ్రత్తగా కొలిచారు, నంబర్ కుదరకపోతే మళ్ళీ మళ్ళీ చెక్ చేశారు. 2015లో బయటపడింది, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల కార్లలో, టెస్టు జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉందని తేలింది. పక్క టీమ్‌ని చెక్ చేయడానికి మొహమాటపడుతున్న పిల్లలకి ఆ రోజున ఈ కథ చెప్తే మొహాలు మారిపోతాయి. అలాగే సేఫ్టీ బ్రీఫింగ్ రోజున భోపాల్. 1984 డిసెంబర్‌లో ఆ రాత్రి మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం ట్యాంకుని చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్ యూనిట్ అప్పటికే నెలల తరబడి ఆపేసి ఉంది, బయటికి వచ్చే గ్యాస్‌ని మండించేయాల్సిన ఫ్లేర్ టవర్ పని చేయట్లేదు. ఖర్చు తగ్గించడం అనే మాట ఎనర్జీ క్లాసులో మనం రోజూ వాడతాం కదండీ, ఏది ఆదా ఏది ప్రాణాల మీద కోత అనేది ఆ రోజు పిల్లలు ఆలోచించాలి. మా పోటీలో ఆ రోజే ఒక రూల్ చెప్తా, టీమ్‌లో ఎవరైనా సరే, జూనియర్ అయినా సరే, ఇది డేంజర్ అనిపిస్తే పని ఆపమనొచ్చు, ఆపినందుకు ఒక్క మార్కు కూడా పోదు.

వాడేవాళ్ళ దగ్గరికి పంపే ముందు పొయ్యిల కథ. ఒడిశాలో పొగ తక్కువ వచ్చే మెరుగైన పొయ్యిలు పల్లెల్లో ఇచ్చి కొన్నేళ్ళు గమనించారు, మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, తర్వాత ఆ లాభం కనిపించకుండా పోయింది, ఎందుకంటే జనం వాటిని సరిగ్గా వాడలేదు, రిపేర్లు చేయించుకోలేదు. ల్యాబ్‌లో పొయ్యి బాగానే పని చేసింది. ఇది విన్నాక "యూజర్ సర్వే" అని నలుగురు ఫ్రెండ్స్‌తో గూగుల్ ఫామ్ నింపించి తెచ్చేవాళ్ళు తగ్గుతారు, పూర్తిగా పోరనుకోండి.

బౌండరీ సంగతి కొంచెం దగ్గరగా చూపిస్తా, ఎందుకంటే ఈ కోర్సులో విలువలన్నీ దాక్కునేది అక్కడే. ఒక ఏడాది బయోగ్యాస్ పోటీ పెట్టాం. ఒక టీమ్ డ్రమ్ము డైజెస్టర్ (చెత్తని కుళ్ళబెట్టి గ్యాస్ తీసే డ్రమ్ము) చేసి రోజుకి ఇంత గ్యాస్ వచ్చింది, ఇంత ఎల్పీజీ మిగిలింది, ఇంత కార్బన్ తగ్గింది అని చక్కటి గ్రాఫ్ తెచ్చారు. నేను సబ్బు నీళ్ళు, బ్రష్షు ఇచ్చి అన్ని జాయింట్ల మీద రాయమన్నా. వాల్వ్ దగ్గర నురగ బుడగలు బుడగలుగా ఉబ్బుతోంది. అప్పుడు కూర్చోబెట్టి లెక్క వేయించా. బయోగ్యాస్‌లో మండేది మీథేన్, కిలో మీథేన్ వాడితే దాని బదులు మండాల్సిన ఎల్పీజీ నుంచి సుమారు 3.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ తప్పుతుంది. అదే కిలో మీథేన్ గాల్లోకి లీకైతే వందేళ్ళ లెక్కలో, అంటే వందేళ్ళలో భూమిని ఎంత వేడెక్కిస్తుందో చూస్తే, దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే తయారైన గ్యాస్‌లో పదో వంతు లీకైతే ఎల్పీజీ మానేసి సంపాదించిన లాభం మొత్తం పోయినట్టే. ఒక కుర్రాడు వెంటనే "సార్, ఇరవై ఏళ్ళ లెక్క తీసుకుంటే?" అన్నాడు. అది 80 రెట్లకి పైనే, అప్పుడు ఇరవై ఐదో వంతు లీకైనా చాలు. ఇంకో అమ్మాయి, ఆ చెత్త ఎలాగూ గుంటలో కుళ్ళి మీథేన్ వదిలేదే కదా, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా అంది. అదీ కరెక్టే. వందేళ్ళా ఇరవై ఏళ్ళా, చెత్త గుంట లోపలా బయటా అనేది ఫిజిక్స్ చెప్పదండీ, మనం ఎవరి గురించి ఎంత దూరం ఆలోచిస్తున్నాం అన్నది చెప్తుంది. ఆ రోజు గంటన్నర వాదించుకున్నారు, నేను బెల్ కొట్టినా లేవలేదు. నేను పెట్టిన రూల్ ఒక్కటే, ఏ లెక్క తీసుకున్నా పర్లేదు, రెండిటితోనూ వేసి రెండూ చూపించాలి, మీకు అనుకూలంగా ఉన్నది ఒక్కటే చూపిస్తే మాత్రం అవి కాకి లెక్కలు.

పోటీ వల్ల వచ్చే చెడు కూడా ఉంటుంది, అది మీరు ముందే చూసుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువగా చూసింది పని పంచుకోవడంలో అన్యాయం. వెల్డింగ్, వైరింగ్, టెస్టింగ్ కొంతమంది అబ్బాయిలు పట్టుకుంటారు, అమ్మాయిలకి రిపోర్టు, పోస్టరు, పీపీటీ ఇస్తారు, ఎవరూ కావాలని చేసినట్టు ఉండదు కానీ ప్రతి ఏడాదీ అదే జరుగుతుంది. సమానత్వం గురించి క్లాసులో చెప్పి పక్కనే దీన్ని వదిలేస్తే ఎలా. నేను మూడు వారాలకోసారి రోల్స్ మారుస్తా, వైవాలో ఏ ప్రశ్న ఎవరికి వస్తుందో ముందు చెప్పను, టెస్ట్ రిగ్ మీద రీడింగ్ తీసి చూపించమని ఎవర్నైనా అడగొచ్చు. ఇంకోటి, ర్యాంకునీ గ్రేడునీ విడగొట్టండి. మొదటి టీమ్‌కి కప్పు ఇవ్వండి, ఫొటో తీయండి, కానీ కోర్సు మార్కులు మాత్రం షీట్ ప్రకారమే, పదో ప్లేస్ టీమ్ కూడా పని పద్ధతిగా చేస్తే ఎ గ్రేడ్ తెచ్చుకోగలగాలి. లేకపోతే టీమ్స్ డేటా దాచుకుంటాయి, ఒకళ్ళ పంపు ఇంకొకళ్ళకి ఇవ్వరు. డబ్బున్న టీమ్ ఖరీదైన వ్యాక్యూమ్ ట్యూబులు కొనుక్కొచ్చి గెలవకుండా సామాను ఖర్చుకి గట్టి పరిమితి పెట్టండి, ఎవరైనా ఫ్రీగా ఇచ్చినా దాని మార్కెట్ రేటు లెక్కలో రాయాల్సిందే.

విలువలు వచ్చాయో లేదో పైవాళ్ళకి ఎలా చూపించాలి అని కూడా అడిగారు. సెమిస్టర్ ముందూ వెనకా "మీకు పర్యావరణం ముఖ్యమా" అని ఫామ్ నింపించకండి, అందరూ అవుననే రాస్తారు, మార్కులు మన చేతిలో ఉన్నాయి కదా. నేను నోట్‌బుక్‌లు చూస్తా. ప్రతి టీమూ ముఖ్యమైన నిర్ణయం తీసుకున్న రోజు ఒక పేజీ రాయాలి, ఏ దారులున్నాయి, ఏది ఎంచుకున్నాం, ఎందుకు, దీని వల్ల ఎవరికి ఇబ్బంది. సెమిస్టర్ చివర్లో ఆ పేజీలు తిరగేస్తే మొదటి నెలలో "ఎఫిషియెన్సీ కోసం" అని ఒక్క లైను ఉంటుంది, మూడో నెలకి వచ్చేసరికి "ఈ గ్లైకాల్ లీకైతే నీళ్ళలో కలుస్తుంది కాబట్టి ఎఫిషియెన్సీ 3% తగ్గినా వేరేది వాడుతున్నాం" (గ్లైకాల్ అంటే పైపుల్లో వేడిని మోసే ద్రవం) లాంటి వాక్యాలు కనిపిస్తాయి. ఎన్ని టీమ్స్ సొంతంగా నంబర్ కిందికి సవరించుకున్నాయి అన్నది కూడా లెక్కపెట్టి రిపోర్టులో పెట్టండి, ఫామ్‌ల కంటే అది నిఖార్సైన ఆధారం.

చివరిగా, మీకు ల్యాబ్ సౌకర్యం ఉందో లేదో రాయలేదు. లేకపోయినా పర్లేదు, హాస్టల్ ఎనర్జీ ఆడిట్ పోటీ పెట్టండి, ఒక్కో టీమ్‌కి ఒక్కో ఫ్లోరు, కరెంటు వాడకం కొలిచే ప్లగ్ మీటర్లు నాలుగైదు, వెలుతురు కొలిచే లక్స్ మీటరు ఒకటి ఉంటే చాలు. రెండు చోట్ల జాగ్రత్త. పోల్చేది దేంతో పోలుస్తున్నారో మీరే ముందు ఫిక్స్ చేయండి, లేకపోతే ఎండలు మండే నెలతో చల్లటి నెలని పోల్చి ఆదా అంటారు, సెలవుల వారంతో పోల్చి కూడా అంటారు. రెండోది, మా దగ్గర ఒక టీమ్ కారిడార్ లైట్లు సగం తీసేసి మంచి నంబర్ తెచ్చింది, రాత్రి లేటుగా ల్యాబ్ నుంచి వచ్చే అమ్మాయిలు భయపడుతున్నారని ఎవరూ వాళ్ళని అడగలేదు. వాళ్ళని అడిగాక అదే టీమ్ లైట్లు మళ్ళీ పెట్టి, మనిషి నడిస్తే వెలిగే సెన్సర్లు వేసి, లక్స్ మీటర్‌తో ప్రతి మూలా కొలిచి మ్యాప్ గీసుకొచ్చారు, ఆదా నంబర్ కాస్త తగ్గింది, టీమ్‌కి మార్కులు పెరిగాయి. మీ మార్కుల షీట్ డ్రాఫ్ట్ తయారయ్యాక ఇక్కడే పెట్టండి, నేను చూసి ఎక్కడ లూప్‌హోల్ ఉందో చెప్తా, పిల్లలు దాన్ని మొదటి వారంలోనే పట్టేస్తారు కాబట్టి మనం ముందే పట్టుకుందాం.